మేకు లేని చెప్పులు

ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు పనిచేశానని చెబితే, కొత్తవాళ్లు వెంటనే డాక్టరా, కాంపౌండరా అని అడుగుతారు. చెప్పులు కుట్టేవాణ్ణి అంటాను. సగంమంది నేను వేళాకోళమాడుతున్నానని నవ్వేస్తారు. మిగతావాళ్లు మాట మార్చేస్తారు. మీరు చిన్నవాళ్లు, ఇప్పుడిప్పుడే ఏదో ఒక ఆసుపత్రిలో పనికి కుదురుతున్నవాళ్లు. నేను చేసిన ఒక తప్పు మీకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నా గొప్పలు రాయమంటే ఇంకా తొందరగా అయిపోయేది.

అరవైల మొదట్లో మాట. నెల్లూరుకు తూర్పున, సముద్రం హోరు వినపడేంత దూరంలో, సరుగుడు తోపుల మధ్య మిషను వాళ్ల కుష్ఠు ఆసుపత్రి ఉండేది. ఆ జబ్బు గురించి మీకు ఒక్క సంగతి తెలిస్తే ఈ కథకు చాలు. అది పాదాల్లో నొప్పిని చంపేస్తుంది. ముల్లు దిగినా, నిప్పు తొక్కినా మనిషికి తెలియదు. తెలియక అలాగే నడుస్తారు, పుండు పడుతుంది, అది ఎముక దాకా పోతుంది, చివరికి కాలే తీసెయ్యాల్సి వస్తుంది. అందుకని వాళ్లకు మెత్తటి చెప్పులు కావాలి. ఆ చెప్పులు కుట్టడం నా ఉద్యోగం. అడుగున లారీ టైరు, పైన మదరాసు నుంచి వచ్చే స్పాంజి రబ్బరు, రెంటినీ అతకడానికి సొల్యూషన్, పట్టీలకు దారంతో కుట్టు. మేకు మాత్రం ఒక్కటి కూడా ఉండకూడదు. డాక్టరమ్మ నాకు పెట్టిన మొదటి ఆజ్ఞ అది. రెండోదీ అదే.

ఆ ఆజ్ఞ నాకు అవమానంగా ఉండేది. మా నాయన కిర్రుచెప్పులు కుడితే ఆ చుట్టుపక్కల మోతుబరులందరూ వేసుకుని వీధంతా కిర్రుమనిపించేవాళ్లు. మేకు కొట్టని చెప్పు ఆయన దృష్టిలో చెప్పే కాదు. ఆయన చేతికింద పని నేర్చుకున్నవాణ్ణి, నాకు చెప్పులు కుట్టడం ఒక డాక్టరమ్మ నేర్పుతుందా అని లోలోపల ఉడుక్కునేవాణ్ణి. పైకి మాత్రం, "అట్టనేనమ్మా" అనేవాణ్ణి.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. రోగులు తొడిగి విప్పిన చెప్పుల్ని నేను చేత్తో ముట్టుకునేవాణ్ణి కాదు. పట్టకారుతో పట్టుకుని, ఫినాయిలు నీళ్లలో ముంచి, ఎండబెట్టాకే తాకేవాణ్ణి. భయం. ఇంటికి పోతే నా భార్య వీధి గుమ్మంలోనే చేతులు కడిగించేది. ఆసుపత్రి గుడిలో మాత్రం ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా పాటలు పాడేవాణ్ణి. మాది మూడు తరాల క్రైస్తవ కుటుంబం. పాస్టరు అయ్యగారు ప్రసంగంలో మారుమనస్సు పొందమని పిలిచినప్పుడల్లా, ఆ పిలుపు కొత్తగా వచ్చినవాళ్లకనీ తాగుబోతులకనీ అనుకునేవాణ్ణి. మా తాత మారాడు కదా, ఆ మార్పు మా ఇంటిల్లిపాదికీ సరిపోతుందని నా లెక్క.

ఇక నా తప్పు అనుభవించిన అక్క సంగతి. విడవలూరు వైపు ఒక వ్యవసాయ కుటుంబంలో ఇల్లాలు ఆమె. నలభై ఏళ్లుంటాయి. ఊళ్లో అయితే నేను దూరంగా నిలబడి ఆమెను 'అమ్మా' అని పిలవాలి, ఆమె నన్ను 'ఒరే' అనాలి. ఆసుపత్రిలో డాక్టరమ్మ పెట్టిన అలవాటు ప్రకారం అందరూ అక్కలే, అన్నలే. ఆమె నాలుగేళ్లుగా మా దగ్గర ఉంది. జబ్బు తగ్గింది, ఇంకొకరికి అంటదని పరీక్షల్లో తేలింది. పాదం పుండు కూడా మానింది. వానలు వెనకబట్టి దారులు ఆరాక, కోతలకు ముందు ఇంటికి పంపిస్తానని డాక్టరమ్మ మాట ఇచ్చింది. భర్త బండి కట్టుకుని వచ్చే రోజు కూడా ఖాయం చేసుకున్నారు. ఆమె నోట అప్పటినుంచి ఒకటే మాట.

"ఈసారి కళ్లం కాడ నేనుండాల. నాలుగేళ్లబట్టి నా వడ్లు ఎవురెవురో తూర్పారబడతా ఉండారు."

ఆ ఏడు కార్తీకంలో వాన పట్టుకుంటే పదిహేను రోజులు వదల్లేదు. సముద్రపు గాలి, తేమ. సొల్యూషన్ ఆరదు, అతికించింది అతికించినట్టే ఊడిపోతుంది, తడికి పట్టీల దారం కూడా పుచ్చి తెగిపోతుంది. కట్లు కట్టే పెద్దాయన ఒకడుండేవాడు మాతో, ఉబ్బసంతో రొప్పుతూ కూడా హాస్యం మానేవాడు కాదు. ఊడిన పట్టీలు తెచ్చి నా ముందు పడేసి, "ఏమబ్బయా, నువ్వు కుట్టింది చెప్పులా, కాగితం పడవలా?" అన్నాడు. వరండాలో అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజే మా నాయన పనిముట్ల పెట్టె తెరిచాను. పది జతలకు పట్టీల మొదట్లో సన్న మేకులు కొట్టాను. పైకి కనపడకుండా స్పాంజి ముక్క అతికించాను. ఆ పనితనం చూసి నాకే ముచ్చటేసింది. వానలు తగ్గగానే తీసేసి కుట్టు వేస్తాను, ఈలోగా ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. పట్టీలు ఊడటం ఆగిపోయింది. పెద్దాయన మెచ్చుకున్నాడు. వానలు తగ్గాయి. మేకుల సంగతి నేను మరిచిపోయాను.

స్పాంజి రోజూ తొక్కితే అణుగుతుంది. మేకు అణగదు. ఇంత చిన్న విషయం మూడు తరాల పనివాడికి తట్టలేదు.

ప్రతి శనివారం అందరి పాదాలూ చూసేవాళ్లు. క్రిస్మస్‌కు పది రోజుల ముందు శనివారం, అక్క పాదం అడుగున పుండు బయటపడింది. అప్పటికే లోతుగా పోయింది. డాక్టరమ్మకు కోపం వచ్చింది.

"చెప్పుల్లేకుండా ఎక్కడికి పోయినావు?"

"యాడికీ పోలేదమ్మా."

"మల్లెపూలు కోసుకోను వట్టి కాళ్లతో తోటలోకి పోలేదా?"

"అది పోయిన ఏడు గదమ్మా. అప్పుడు తిట్టినారు గదా, మళ్లా పోలేదు."

డాక్టరమ్మ న్యాయంగానే ఉంది. చెప్పులు కూడా పరీక్షించాలని ఆ జత నా దగ్గరికి పంపింది. పట్టకారు అందుబాటులో లేక ఆ రోజు చేత్తో పట్టుకున్నాను. లోపల వేలు పెట్టి తడిమితే చురుక్కుమంది. వేలి మీద రక్తం బొట్టు. నాకు వెంటనే తెలిసింది, ఆమెకు వారమంతా తొక్కినా తెలియలేదు. ఆ జతలో మేకులన్నీ పీకి కుట్టు వేసి, గుచ్చుకున్న మేకును చొక్కా జేబులో వేసుకున్నాను. చెప్పులు తీసుకుపోయి డాక్టరమ్మ ముందు పెట్టాను.

"ఏమైనా ఉందా?"

"ఏమీ లేదమ్మా. శుభ్రంగా ఉండాయి."

ఆ ఒక్క మాటతో తప్పు అక్క మీద పడింది. ఆమె ప్రయాణం ఆగిపోయింది. వార్డులో మిగతావాళ్లకు ఆమెను చూపించి బుద్ధులు చెప్పారు. ఆమె మొదట్లో వాదించింది. తర్వాత తర్వాత తనకే అనుమానం మొదలైంది. కాలికి తెలియని సంగతి ఆమె మాత్రం ఎలా ఒట్టు వేసి చెప్పగలదు?

నేనేం చేశానో చెబుతాను. పట్టీలు బిగించాలని సాకు చెప్పి మిగతా తొమ్మిది జతలూ ఒక్కొక్కటే తెప్పించుకున్నాను. మేకులు తీసేసి కుట్టు వేశాను. ఇంకెవరికీ ఏమీ కాదు, అయిపోయింది కదా అని నన్ను నేను ఊరడించుకున్నాను. క్రిస్మస్ పాటలకు ముందు నేనే నడిచాను. మేకు మాత్రం ఎందుకో పారెయ్యలేకపోయాను. చొక్కా మార్చినప్పుడల్లా ఆ జేబులోంచి ఈ జేబులోకి మార్చేవాణ్ణి.

జనవరి మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే నెలకోసారి యేసును తలుచుకుని అందరూ రొట్టె పంచుకునే ఆరాధన. తప్పు దాచుకుని ఆ రొట్టె ముట్టకూడదని మాలో నియమం. రొట్టె ముక్కల పళ్లెం వరసలో ఒకరి చేతినుంచి ఒకరికి వస్తుంది. నా పక్కవాడు నాకు అందించాడు. నా చెయ్యి లేవలేదు. ఏం జరిగిందో నాకు ఇప్పటికీ సరిగ్గా చెప్పడం రాదు. పళ్లెం అవతలివాడికి ఇచ్చేశాను. వెనక వరసల్లో ఎడంగా వేసిన బల్ల మీద అక్క కాలు చాపుకుని కూర్చుని ఉంది. ఆమె మా మతం మనిషి కాదు, పాటలు వినడానికి వచ్చేది. అయ్యగారు ఆ రోజు కూడా మారుమనస్సు గురించే చెప్పారు. ఆయన నన్ను చూసి చెప్పలేదు. నాకే వినపడింది.

ఆ గురువారం అక్క భర్త వచ్చాడు. పుండు సంగతి ఆయనకు తెలియదు. ముందే అనుకున్న రోజు కదా, బండిలో కొత్త గడ్డి పరిచి, మీద దుప్పటి వేసుకుని, చెర్నాకోల చేత్తో పట్టుకుని నవ్వు మొహంతో వచ్చాడు. కట్ల గది ముందు వరండాలో డాక్టరమ్మ ఆయనకు చెప్పింది. పుండు పడిందనీ, చెప్పుల్లేకుండా తిరగడం వల్లనే అనీ, ఇప్పుడు పంపడం కుదరదనీ చెప్పింది. నేను కొలతల పుస్తకంతో అక్కడే ఉన్నాను.

ఆయన డాక్టరమ్మను ఏమీ అనలేదు. పెళ్లాం వైపు తిరిగాడు.

"నీకు ఇంటికి రావాలని లేదా ఏంది? ఉంటే జెప్పు. నాలుగేళ్లు ఈ గేటు కాడ నేను నిలబడింది ఇందుకా?"

అక్క తల వంచుకుంది. "నాకు తెలీకుండా నడిచినానేమో. నా కాలు నాకేమన్నా జెప్తదా? తప్పు నాదే," అంది.

ఆ మాటకు నేను ఆగలేకపోయాను. ధైర్యం వచ్చి మాట్లాడానని మీరు అనుకోవద్దు. మాట్లాడకపోతే ఊపిరాడేటట్టు లేదు.

"అక్క నడవలేదమ్మా," అన్నాను. జేబులోంచి మేకు తీసి బల్ల మీద పెట్టాను. "వానలప్పుడు నేనే కొట్టినాను. చెప్పులు చూడమన్నప్పుడు పీకేసి అబద్ధం చెప్పినాను."

అక్క భర్త చెర్నాకోల ఎత్తాడు. నేను కదల్లేదు, రెండు దెబ్బలు పడితే బాగుండుననే ఉంది నాకు. అక్క ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఆగు. కొడితే పుండు మానుద్దా?" అని నా వైపు తిరిగింది. "నేను నడవలేదు గదా?"

"నడవలేదక్కా."

"గట్టిగా జెప్పు. అందరికీ వినపడాల."

"అక్క నడవలేదు, తప్పు నాది," అని అరిచాను. ఆమెకు చాల్లేదు. ఆడవాళ్ల వార్డు గుమ్మంలో నిలబడి మళ్లీ చెప్పమంది. మగవాళ్ల వార్డు దగ్గర ఇంకోసారి. నా గొంతు పోయింది. ఆమె మొహంలో మాత్రం నెల రోజుల తర్వాత వెలుగొచ్చింది. ఇంటికి పోవడం లేదన్న బాధ కంటే, తన కాలి మీద తనకు నమ్మకం తిరిగి రావడం ఆమెకు పెద్దగా ఉన్నట్టుంది. ఆ భర్త మెట్ల మీద కూర్చుని, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పెళ్లాన్ని అన్న మాటకు ఏడుస్తున్నాడని తర్వాత అర్థమైంది.

డాక్టరమ్మ ఆ మధ్యాహ్నమే మిగతా తొమ్మిదిమందినీ పిలిపించి పాదాలు చూసింది. అందరివీ బాగున్నాయి. అది నా తెలివి వల్ల కాదు. తర్వాత నన్ను గదిలోకి పిలిచింది.

"పని మానుకుని పోతానమ్మా," అన్నాను.

"పోతే చెప్పులెవరు కుడతారు? నీకు ఇక్కడ మొహం చెల్లడం లేదు, అందుకని పోతానంటున్నావు. దానికి పశ్చాత్తాపమని పేరు పెట్టొద్దు. రేపటినుంచి పుండు మానేదాకా ఆమె పాదం నువ్వే కడుగు."

ఇన్నాళ్లూ చెప్పుల్ని పట్టకారుతో పట్టుకున్న మనిషికి ఆ మాట ఎలా ఉంటుందో ఊహించుకోండి. నా భార్యకు చెబితే ఆ పూట అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున పెద్దాయన పళ్లెంలో ఉప్పునీళ్లు పోసి నాకు చూపించాడు. నేను అక్క పాదాన్ని మునివేళ్లతో పట్టుకున్నాను.

"అట్ట వేళ్ల చివర్లతో పట్టుకుంటావేందబ్బయా, అదేమన్నా తేలా? మడమ కింద అరచెయ్యి పెట్టు. ఆఁ. నీ బిడ్డ కాలైతే ఎట్ట పట్టుకుంటావో అట్ట."

పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. ఏమిటో, చల్లగా ఉంటుందని అనుకున్నాను నేను. అన్నేళ్లు ఆ పాదాలకు కొలతలు తీసింది కాగితం మీద నిలబెట్టి, పెన్సిలు గీసి. ఒక్కసారీ ముట్టుకోలేదు. ఆ పుండు చూస్తుంటే దుఃఖం ఆగలేదు. తల దించుకుని కడిగాను. కన్నీళ్లు నీళ్లలో పడ్డాయి గానీ ఎవరూ చూడలేదనే అనుకుంటాను.

అక్క నెల రోజులు నాతో మాట్లాడలేదు. నేను కడిగినంతసేపూ ఆమె సరుగుడు చెట్ల వైపు చూసేది. ఆ మౌనం చెర్నాకోల కంటే గట్టిగా తగిలింది. మధ్యలో ఫిబ్రవరి నెల బల్ల వచ్చింది. ముందురోజే అయ్యగారి దగ్గరికి పోయి అంతా చెప్పుకున్నాను. "పుండు మానేదాకా నేను రొట్టె ముట్టుకోనయ్యా," అన్నాను. అలా అనడం చాలా భక్తిగా ఉంటుందని నా ఉద్దేశం.

ఆయన నవ్వారు. "మానినాక తీసుకుంటే అది నువ్వు పడ్డ కష్టానికి కూలి అవుతుంది. ఇది కూలి కాదయ్యా, ఉట్టినే ఇచ్చేది. ఉట్టినే తీసుకోవడం నీకు కష్టంగా ఉంది, అంతే. అసలు నమ్మడమంటే అదే," అన్నారు.

మర్నాడు చెయ్యి చాచాను. ఎంత తోముకున్నా ఆ చేతికి ఆసుపత్రి మందు వాసన పోలేదు. ఆ వాసనతోనే రొట్టె తిన్నాను. అంతకు ముందు పాతికేళ్లు తిన్నవాటిలో ఏదీ నాకు గుర్తు లేదు, అది గుర్తుంది.

నెల దాటాక ఒక రోజు అక్క నోరు విప్పింది. "మా ఆయన మాట్లాడేటప్పుడు నీ మొహం జూసినా. సచ్చినోడి మొహంలాగుండె," అంది. అంతటితో ఆపి మళ్లీ చెట్ల వైపు చూసింది. మరుసటి రోజునుంచి ఆమె చెబుతుంటే నేను వినేవాణ్ణి. ఏ మడిలో నీళ్లు నిలుస్తాయో, ఏ ఎద్దు మొండిదో, కళ్లంలో గాలి ఏ వేళకు తిరుగుతుందో. ఆమె చెప్పిన కోతలు ఆమె లేకుండానే అయిపోయాయి. అది నేను ఆమెకు తిరిగి ఇవ్వలేకపోయినది. మన్నించమని అడిగితే, "ఆ పంట పోయింది గదా, ఇంకెందుకులే," అంది. మన్నించానని మాత్రం అనలేదు.

మార్చి ఆఖరుకు పుండు పూడింది. కొత్త జత కుట్టాను. అంత జాగ్రత్తగా మా నాయన కూడా ఏ మోతుబరికీ కుట్టి ఉండడు. తీసుకుపోయి ఆమె కాళ్ల ముందు పెట్టాను. ఆమె తొడగలేదు.

"ముందు నువ్వు నడువు."

"నేనా?"

"నాకు తెలీదు గదా. నీకైతే తెలుస్తది. నడిచి జూపించు."

వరండా నిండా జనం. నావి పెద్ద పాదాలు, ఆమెవి చిన్న చెప్పులు. మడమలు వెనక్కి వేలాడుతుంటే, మునివేళ్ల మీద బరువేసి ఈ చివరినుంచి ఆ చివరికి నడిచాను. పెద్దాయన నవ్వలేక దగ్గుతున్నాడు. కోడిపెట్టలా ఉన్నానని ఎవరో అన్నారు. రెండోసారి నడిచేటప్పటికి నాకే నవ్వొచ్చింది. అక్క కూడా నవ్వింది. అప్పుడు తొడిగింది. ఆ వారమే భర్త బండిలో ఇంటికి పోయింది.

ఆ రోజునుంచి నా గదిలోంచి నేను నడిచి చూడకుండా ఒక్క జత కూడా బయటికి పోలేదు. మరీ చిన్నవైతే అరచెయ్యి పెట్టి ఒళ్లు బరువంతా వేసి నొక్కేవాణ్ణి. పట్టకారు మాత్రం పొయ్యి దగ్గర పనికొస్తుందని నా భార్యకు ఇచ్చేశాను. ఆమె దాన్ని మూడుసార్లు కడిగింది.

మరుసటి ఏడు కోతలయ్యాక ఒక రోజు అక్క భర్త ఒక్కడే వచ్చాడు. అక్కకు ఏమైందోనని పని వదిలేసి లేచాను. ఆయన మూట విప్పి పాత చెప్పులు నా ముందు పెట్టాడు. టైరు సగం అరిగిపోయి ఉంది. పట్టీల సందుల్లో ఎండిన బురద. స్పాంజికీ టైరుకీ మధ్య వడ్ల పొట్టు, రెండు గడ్డిపరకలు.

"కళ్లంలోంచి తిన్నంగా తెచ్చినా. కడగొద్దనింది, నీకు జూపించమనింది," అన్నాడు. "పాదం బాగుండాది. గీత గూడా లేదు."

ఆ చెప్పుల్ని ఒళ్లో పెట్టుకుని లోపలంతా వేళ్లతో తడిమాను. మెత్తగా ఉంది. ఆ బురద నా చేతులకు అంటింది.

సాయంత్రానికి కొత్త జత తయారైంది. కాగితంలో చుట్టబోతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. చెప్పులు నేలమీద పెట్టి, తువ్వాలుతో మెట్టు దులుపుకుని కూర్చున్నాడు. నేను తొడుక్కుని వరండా ఆ చివరిదాకా పోయి వచ్చాను.

"ఇంకో సుట్టు నడువబ్బయా," అన్నాడు. "ఎన్నిసార్లు నడిచినాడని ఇంటికాడ అడుగుద్ది."